నానమ్మ తివాచీకి ముదురు రంగు

బుజ్జీ, డ్యూటీకి ఆలస్యమైపోతోంది, వెళ్తున్నాను. బాత్రూంలో పెద్ద తొట్టిలో తివాచీ రంగులో నానుతోంది. నువ్వు రాగానే నీళ్లు తేటగా వచ్చేదాకా జాడించి, మేడ మీద ఆరెయ్యి. తడిసి బండరాయిలా ఉంది, ఒక్కదానివే ఎత్తకు, నాన్నని పిలువు. ముందు బాత్రూం నేల కడుగు, నానమ్మ జారిపడిందంటే మన గతేం కాను!

ముదురు రంగేస్తే మరక కనపడదనుకున్నాను. అక్కడే ఇంకా నల్లగా తేలింది. ఉప్పేశాను, మళ్లీ రంగు కాచి పోశాను, అయినా పోలేదు. నాకింకేం తోచట్లేదే. ఆ రోజు ఆపుకోలేక తివాచీ మీద ఒంటికి పోసుకున్న దగ్గర్నుంచీ నానమ్మ ముందుగదిలో అడుగు పెట్టట్లేదు. రమ్మంటే "నా కంపు మీకెందుకమ్మా" అంటుంది. అన్నం కూడా మంచం మీదే. ఇలాగే మంచం పట్టేస్తుందేమోనని నా భయం.

ఆరాక కూడా మరక కనపడితే అలాగే పరిచెయ్యి. నానమ్మని ఎలాగో బతిమాలి తెచ్చి కూర్చోబెట్టు. ఆవిడ చూస్తుండగా సరిగ్గా ఆ మరక మీద నీ టీ ఒలకబొయ్యి. నేనొచ్చి, ఆ మరక నీదేనని నిన్ను నాలుగు తిడతాను, పడు.

టీ బాగా చల్లారాకే పొయ్యి, ఆవిడ కాళ్ల మీద పడుతుందేమో.