కొవ్వొత్తి అంచున అమ్మ పేరు

తుడియలూరు,
జూలై 6

ప్రియమైన అక్కకు,

ఫోన్ చేస్తే నా కోపం వినకుండా మధ్యలో పెట్టేస్తావు. మన తెలుగు అక్షరాలు మరిచిపోకుండా అక్కాచెల్లెళ్ళు నెలకొక ఉత్తరం రాసుకోవాలని అమ్మ పెట్టిన షరతు ఉండనే ఉంది. అందుకే కోపం చల్లారకముందే కూర్చుని రాస్తున్నాను.

నిన్న రఘురామన్ ఫోన్ చేశాడు. మదురైలో నువ్వు మన కొవ్వొత్తులు వేసే అంగళ్ళలో పెద్దది అతనిదే కదా. నెలకు రెండు వేల కొవ్వొత్తులు తీసుకుంటాడట, సరుకు దిగగానే డబ్బు ఇస్తాడట. నేను సంతోషపడేలోపే అసలు మాట బయటికొచ్చింది.

"మీ లేబుల్ ఒద్దుమా. మా అంగడి పేరు వేసి అమ్ముతాము. ఎవురు చేసినారని జనానికి ఎందుకు?" అన్నాడు.

ఎందుకా? పొయ్యి ముందు నిలబడి మైనం కాచేది మేము. నా పక్కన మైనం పోసే పేచ్చియమ్మాళ్ మణికట్టు మీద బొబ్బ మానకముందే ఇంకో బొబ్బ లేస్తుంది. పేరు మాత్రం ఏసీ కింద కూర్చున్నవాడిది. పైగా, "మనం మనం ఒకటిగదా, నువ్వు మా ఇంటి ఆడబిడ్డ మాదిరి" అని తేనె పూశాడు. ఆడబిడ్డ పేరు చెరిపేసే ఇల్లు ఏం ఇల్లో నాకు తెలియదు.

మన కొవ్వొత్తులకు వీరాయి అన్న పేరు నేను సరదాకి పెట్టలేదు. పోవడానికి వారం ముందు అమ్మ వణికే చేత్తో కాగితం మీద తన పేరు తెలుగులో రాసిచ్చింది. ఇక్కడి పంపుల వర్క్‌షాప్‌లో గురుసామి అన్న ఆ రాతనే మన అచ్చుల కింది అంచు చుట్టూ వరుసగా చెక్కాడు. లేబుల్ మీద ఉన్నది ప్రెస్సువాడి తమిళ అక్షరం. అంచున ఉన్నది అమ్మ చెయ్యి. రెండూ మనవే.

అతనికి కుదరదని చెప్పెయ్.

నీ చెల్లెలు,
లోకేశ్వరి


మదురై,
జూలై 19

ప్రియమైన లోకూ,

నీ ఉత్తరం పట్టుకుంటేనే వేళ్ళు కాలాయి. నీ కోపం ఎప్పుడూ ముక్కు మీదే ఉంటుంది. అంగడంగడికీ తిరిగేది మాత్రం నేను.

మాట్టుతావణిలో బస్సు దిగి, రెండు చేతులా సంచులు మోసుకుని వెళితే అంగడివాళ్ళు ఏమంటారో తెలుసా? "పెట్టిపోక్కా, అమ్మితే చూస్తాము" అంటారు. వాళ్ళు ఎండ తగిలే అద్దంలో పెడతారు, కొవ్వొత్తి మెడ వంచేస్తుంది, వచ్చే నెల నా సంచిలోకే తిరిగొస్తుంది. పేరు కూడు పెట్టదే పిచ్చిదానా. దీపావళిలోగా పెద్ద ఆర్డరు రాకపోతే పేచ్చియమ్మాళ్‌నీ మిగతా ఇద్దరినీ మానిపించాల్సి వస్తుందని పోయిన నెల రాసింది నువ్వే. వాళ్ళ ముఖం చూసి ఈ పేరు మాట చెప్పగలవా?

ఇంకొకటి, నీ దగ్గర దాచను. పోయిన నెల శాంపిళ్ళు రఘురామన్‌కి ఇచ్చే ముందు లేబుళ్ళు నేనే గోటితో గీకి తీసేశాను. తర్వాత అతను తన పేరు వేస్తానంటే సరేనని తల కూడా ఊపేశాను. అంచు మీది రాత గురించి అతను అడగలేదు. నువ్వూ ఆ మాట ఎత్తకు.

వేళకు తిను.

నీ అక్క,
రాజామణి


తుడియలూరు,
ఆగస్టు 2

అక్కా,

ప్రియమైన అని రాయడానికి చెయ్యి రావడం లేదు.

గోటితో గీకావా? అమ్మ పక్కన కూర్చోబెట్టుకుని వేలు పట్టి దిద్దించిన చెయ్యి నీది. నాకు అక్షరాలు నేర్పింది కూడా ఆ చెయ్యే. బయటివాడు అడిగాడంటే వ్యాపారం అనుకుంటాను. నువ్వు అతను అడగకముందే చేసి పెట్టావు.

నీ ఉత్తరం పేచ్చియమ్మాళ్‌కి చదివి వినిపించాను, నా వైపు మాట్లాడుతుందని. ఆమె చేతులు తుడుచుకుని, "పేరు పోతే పోనీ కన్నూ, పని పోతే నేనెక్కడికి పోయేది?" అంది.

అందుకని ఒప్పుకుంటున్నాను. ఆమె కోసం, నీ కోసం కాదు. సరుకు పంపిస్తాను, అతని చీటీయే అతికించుకోమను. కానీ అంచున ఉన్న అమ్మ రాత మీద ఆకురాయి పెట్టనివ్వను. కనిపెట్టి ఆర్డరు రద్దు చేస్తే చేసుకోనీ. ఏటేటా మన తెలుగు సంఘం వేదికెక్కి "మన బాస, మన బాస" అని మైకు పగలగొట్టేది అతనే కదా, చదువుకోనీ.

నెలకొక ఉత్తరం ఇక నా వల్ల కాదు.

లోకేశ్వరి


మదురై,
నవంబరు 28

ప్రియమైన లోకూకి,

దాదాపు నాలుగు నెలలు నువ్వు రాయలేదు. నాకూ ముఖం చెల్లక రాయలేదు. ఇప్పుడు రాయకపోతే నా తల పగిలిపోయేట్టుంది.

నిన్న రఘురామన్ అంగడికి వెళ్ళాను. కార్తీక దీపానికని మన కొవ్వొత్తులు వాకిట్లోనే మెట్లు మెట్లుగా పేర్చాడు. కొత్త పెట్టెలు. మూత మీద బంగారు రంగులో, నా అరచెయ్యంత పెద్దగా, అమ్మ పేరు. అదే వణుకు, అదే పక్కకి ఒరిగిన గుడి. కింద ఎక్కడో చిన్నగా అతని అంగడి పేరు.

అతను పొంగిపోతూ వచ్చాడు. "ఎట్లుండాదిక్కా? మెళుగువత్తి అంచున తీగ డిజైను ఉండె గదా, దాన్నే పెద్దది చేయించితిని. పదివేల పెట్టెలు అచ్చయిపోయినాయి" అన్నాడు.

తీగ అట. నవ్వాల్సింది, కానీ ఒళ్ళు మండిపోయింది. ముప్పై ఏళ్ళు మైకు ముందు బాస బాస అని గొంతు చించుకున్న మనిషికి మూడక్షరాలు తీగలాగా కనిపించాయి. అరగంట అక్కడే నిలబడ్డాను. ఇరవైమంది కొన్నారు. సగంమంది మన మాటే మాట్లాడుతున్నారు, పెట్టె తిప్పి చూస్తున్నారు, బాగుందంటున్నారు. మనవాళ్ళంతా తమిళ బడికి వెళ్ళినవాళ్ళే, ఒక్కరూ చదవలేదు. ఇంతమంది మీద కోపం వచ్చాక అది చివరికి నా మీదికే తిరిగింది. ఆ అంగడి మొత్తంలో చదవగలిగినదాన్ని నేనొక్కదాన్నే. గీకిందీ నేనే.

"అది తీగ కాదు రఘురామా. మా అమ్మ పేరు, వీరాయి" అన్నాను.

అతను మూత చూశాడు, తర్వాత చుట్టూ జనాన్ని చూశాడు. "మెల్లిగా చెప్పక్కా. సంఘంలో తెలిస్తే నా మానం పోతాది" అన్నాడు.

"నీ మానం నేను కాపాడతాను. మా అమ్మ పేరు నువ్వు కాపాడు" అన్నాను.

ఒప్పుకున్నాడు. పెట్టె పెట్టె మీదా అతని పేరు పక్కనే మన లేబుల్ ఉంటుంది, ఊరి పేరుతో సహా, అందరూ చదవగలిగే తమిళంలో. నేను బయల్దేరుతుంటే ఆ మూత పట్టుకుని వెనకాలే వచ్చాడు. "ఇందులో 'వీ' ఏదిక్కా?" అని అడిగాడు. తిట్టబోయి, అతని వేలు పట్టి చూపించాను.

నీ దగ్గర మిగిలిన లేబుళ్ళన్నీ పంపు, చాలకపోతే ప్రెస్సులో కొట్టించి పంపు. అంగడి పిల్లలు అతికిస్తామన్నారు, నేను ఒద్దన్నాను. పదివేలూ నేనే అతికిస్తాను లోకూ, గీకిన ఈ చేత్తోనే.

నీ అక్క,
రాజామణి