కుండీలో కలుపు

శుక్రవారం, ముదినేపల్లి

కోడలు కుండీలో కాక్టస్ విత్తనాలు చల్లింది. పచ్చగా ఏవేవో మొలిచాయి. "మావయ్యగారూ, ఇందులో కలుపేదో మీరైతే చూడగానే చెప్పేస్తారండీ" అంది. చెప్పనా మరి? వరి ఏదో ఊదగడ్డి ఏదో ఊరంతా నన్నే అడుగుతారు. ఆవగింజల్లా ఉన్నవన్నీ పీకేసి, ఆకు దళసరిగా ఉన్నదాన్ని ఉంచాను.

సాయంత్రం మా ఆవిడ కుండీలోకి వంగి చూసి, "ఏవండీ, ఇది పప్పులో వేసుకునే గంగపాయల కూర కదండీ" అంది. నిజమే. పీకినవే కాక్టస్సులు. నోరు మూసుకోమన్నాను. నాకు కలుపు తెలియదని ఊళ్ళో పొక్కితే చేల గట్టున తలెత్తుకోలేను.

భోజనాల దగ్గర కోడలు అడిగింది, "దానికి ముళ్ళెప్పుడొస్తాయండీ?"

కార్తీకం వెళ్ళాక వస్తాయన్నాను. ఇంకా ఆషాఢమే కదా...