రాబందుకు టచప్

ఏప్రిల్ 27, ఆదివారం
చర్చి నుంచి నేరుగా అలియాబాద్ గుట్టకు పోయాను. మేకలు కాసే ఇస్తారి తాత చూపించాడు. రాతి అరుగు మీద తెల్ల రాబందుల జంట, గూట్లో ఒక పిల్ల. దేశంలోనే తగ్గిపోతున్న పక్షి, మా గుట్ట మీద! పసుపు పచ్చని బోడి మొహం, నిండా ముడతలు. అరుగు కింద చెత్త, చచ్చిన దూడ. నలభై ఫొటోలు తీశాను.

మే ఆఖర్లో ఆ గుట్టను ప్లాట్ల కోసం వెంచర్ వాళ్లు పేల్చేస్తారట. పిల్ల ఎగరడానికి ఇంకా రెండు నెలలు పడుతుంది. ఒళ్లు మండిపోతోంది.

ఏప్రిల్ 29
ఫారెస్టు ఆఫీసర్ భాస్కర్ సార్ గుట్ట దాకా వచ్చి కారు దిగలేదు. గీ ఎండల ఎవలెక్కుతరమ్మా, ఫొటో తెచ్చియ్యి, పిల్ల ఎగిరేదాక బ్లాస్టింగ్ ఆపిస్త అన్నాడు. జనం సంతకాలు కూడా ఉంటే పైవాళ్లు వింటారట. సరే, అదీ చేస్తా.

మే 2
కొంపల్లి విల్లాల క్లబ్ హౌస్‌లో ఎగ్జిబిషన్‌కు ఒప్పుకున్నారు. సెక్రటరీ వినోద మేడం నా ఫొటోలు చూసి ముక్కు మూసుకుంది. ఫొటోకు వాసనొస్తుందా తల్లీ! పిల్లలు జడుసుకుంటారట. నెమలి లేదా అని అడిగింది. నెమలికేం తక్కువ, దాన్ని అందరూ చూస్తూనే ఉన్నారుగా. చివరికి కొంచెం నీట్‌గా చేసి తెమ్మంది.

మే 3
చేశాను. పన్నెండేళ్లుగా మా స్టూడియోలో పెళ్లికూతుళ్లకు చేస్తున్నదే. మచ్చ తీసెయ్, రంగు తేల్చు, వెనకాల పూలతోట పెట్టు. చెయ్యి దానంతటదే పోయింది. ముడతలు తీసేశాను. చెత్త తీసేశాను. దూడ ఉన్నచోట శామీర్‌పేట చెరువు పెట్టాను.

బాగుంది కూడా. ఛీ.

మే 10
ఎగ్జిబిషన్‌లో నాలుగు వందల పన్నెండు సంతకాలు! ఎంత ముద్దుగున్నదో పాపం అంటూ వినోద మేడం కళ్లనీళ్లు పెట్టుకుంది. భాస్కర్ సార్‌కు పెట్టిన అర్జీకి ఆ టచప్ ఫొటోనే జతచేశాను.

మే 14
రోజారాణి పెళ్లి ఆర్డర్. కెమెరా మెమరీ కార్డులు, కంప్యూటర్ అన్నీ ఖాళీ చేశాను. ప్రింటు చేతికిచ్చాక ఒరిజినల్స్ ఉంచకపోవడం మా స్టూడియో అలవాటు.

మే 19, మధ్యాహ్నం 3
భాస్కర్ సార్ ఫొటోను టేబుల్ మీద విసిరేశాడు. గా గుట్ట మీదికెల్లి చెరువు యాడ గనిపిస్తదమ్మా, గిది కంప్యూటర్ల జేసిన పిట్ట అన్నాడు. ఒరిజినల్స్ అడిగాడు. లేవు. నలభైనీ నా చేత్తో నేనే తుడిచేశాను. ఒక్కసారి గుట్ట ఎక్కి చూడండి సార్ అని అరిచాను. ఎక్కడు. ఆధారం లేదని రాసేశాడు.

సాయంత్రం 6
గుట్ట చుట్టూ ఫెన్సింగ్. కెమెరా చూడగానే గేటు దగ్గరే వెనక్కి పంపారు. ఇస్తారి తాత మేకలు తోలుకొస్తూ కనబడితే అంతా చెప్పాను. దాని మొఖానికేమైంది బిడ్డా, ఉన్నది ఉన్నట్టు జూపెట్టనీకి నీకేమొచ్చింది, సిగ్గయిందా అని తిట్టాడు.

అయింది. ఆ ముడతల మొహం చూసి నాకే సిగ్గయింది. ఇన్ని రోజులూ విల్లాల వాళ్లను తిడుతున్నాను, దొంగముఖాన్ని!

మే 20
గేటు ముందు నిలబడదాం రండని వినోద మేడంకు మెసేజ్ పెట్టాను. దండం బొమ్మ పంపింది. సంతకాలు పెట్టిన వాళ్లలో ఒక్కరూ రాలేదు. నేనూ ఇస్తారి తాతా, ఆయన మేకలూ నిలబడ్డాం.

మే 26
గుట్ట లేదు.

పెద్ద పక్షులు రెండూ వచ్చాయి. గూడు ఉన్న ఎత్తుకు దిగి కాళ్లు చాపుతున్నాయి. రాయి లేదు. మళ్లీ లేస్తున్నాయి. రోడ్డు మీంచే ఫొటోలు తీశాను. ఏదీ తుడవలేదు.