గోడ బయటివాళ్లు

నవంబరు 3, సోమవారం
మా ఊరి మట్టికోట దగ్గర పెట్టే శిలాఫలకానికి నాలుగు మాటలు నన్నే రాయమన్నారు చిన్నాన్న. వైజాగ్‌లో చరిత్ర లెక్చరర్ని, పైగా ఆ కోట తలుపు కాపలాదారు వంశం. రాసేశాను — ఫ్రెంచి ఫిరంగుల ముందు మూడు రోజులు నిలిచిన కోట, లోపల ఒక్కరూ లొంగలేదు... బాగానే వచ్చింది.

5, బుధవారం
స్టాఫ్ రూంలో చదివాను. మెచ్చుకున్నారు. అటెండరు సింహాద్రి మాత్రం టీ గ్లాసులు తీయకుండా నిలబడ్డాడు. అతనిదీ మా ఊరే.

"మా వోల్లు గోడ బయటుండిపోనారు కదండి మేడం. ఆల ఊసేటి రాయనేదు?"

వాళ్లమ్మ చెప్పిందట. సేన వస్తోందని తెలిసి పొలాల్లోంచి పిల్లల్ని ఎత్తుకుని పరుగెత్తుకొచ్చారు. అప్పటికే తలుపు వేసేశారు. మూడు రోజులూ గోడకీ ఫిరంగులకీ మధ్య... ఎందరు మిగిలారో అతను చెప్పలేదు. నేను అడగలేదు.

ఆధారం ఉండాలి సింహాద్రీ, అన్నాను. అందరి ముందూ. తలూపి వెళ్లిపోయాడు.

6
నాకు తెలుసు. పదకొండేళ్లప్పుడు తాతయ్య చెప్పారు — గడియ వేసింది మనవాడే, బయట ఆడవాళ్లు పేరు పెట్టి పిలిచినా తీయలేదు, ఎక్కడా అనకు, అని.

8, శనివారం
చిన్నాన్నకి ఫోన్. ఒక్క వాక్యం కలుపుదామన్నాను. కోప్పడలేదు. "ఆడు తలుపు తీసుంటే నువ్వూ నానూ ఉండేవోల్లమేటే?" అన్నారంతే.

ఉన్నదున్నట్టే పంపేశాను.

11
సింహాద్రి ఎదురొస్తుంటే తప్పించుకుని రెండోవైపు మెట్లు దిగుతున్నాను. ఈ వయసులో.

16, ఆదివారం
ఆవిష్కరణ. నాకు శాలువా. సింహాద్రి వాళ్లమ్మని తీసుకొచ్చాడు. ఆవిడకి చదువు రాదు. జనం పల్చబడ్డాక ఫలకం మీద చెయ్యేసి అక్షరాలు తడుముతూ అడిగింది — "మా వోల్ల మాట ఎక్కడుందమ్మా? సూపెట్టు."

సింహాద్రి నేల చూస్తున్నాడు. అతనికి చదవడం వచ్చు.

నేను... వేలితో ఒక వరస చూపించాను.

ఆవిడ అక్కడ నుదురు ఆనించి దండం పెట్టుకుంది.

17
క్లాసులో రెండుసార్లు మాట తడబడింది.

18, మంగళవారం
సింహాద్రి టీ పెట్టి ఆగాడు. అమ్మకి ఏమీ చెప్పలేదట. ఈ ఆదివారం ఆవిడ తన చెల్లెల్ని తీసుకెళ్లి ఆ వరస చూపిస్తుందట.

"పిన్నికి సదువొచ్చండి," అన్నాడు. గొంతు పెంచలేదు. "ఏటి సెప్పమంటారు?"

సాయంత్రం చెబుతానన్నాను. నాలుగు కాకముందే ఇంటికి, సీతమ్మధార బస్సెక్కేశాను.