జానెడు ఎత్తు

ఆగస్టు 2006

ఆదాము బావకు,

మీ షెడ్డులో చక్రాల మీది స్ప్రింగు కమాన్ పట్టీలు పెంచి, పెద్ద టైర్లు వేశాక నేను నడిపే మిషన్ దవాఖానా జీపు జానెడు పైకి లేచింది. నిన్న తొడలోతు వాగును ఆగకుండా దాటింది. అవతలి గూడెంలో భీమక్క పురిటి నొప్పులతో జీపు దగ్గరికి వచ్చింది కానీ, అంత ఎత్తుకు ఆమె కాలు లేవలేదు. నేనూ నర్సమ్మా ఎత్తబోతే నొప్పికి మా చేతులు తోసేసింది.

"నేను నడుస్తా, నువ్వు ముంగట పో" అన్నది.

జీపు వెనక కమ్మీ పట్టుకుని వాగంతా నీళ్లలో నడిచింది. ఒడ్డు చేరగానే ఇసుకలోనే కాన్పయింది. తల్లీబిడ్డా క్షేమమే.

మీకు వాగు లోతు కొలిచి చెప్పింది నేనే. ఎక్కే మనిషిని కొలవలేదు.

సోమవారం జీపు తెస్తాను, మడిచే మెట్టు పెట్టండి. ఆమె పాదం నేల నుంచి ఎంత లేచిందో, అంత దారం తెంపి ఇందులో పెట్టాను.

మీ బావమరిది