మీ నాయన కరెంటు ఆటో

కొత్తపేట.

చిరంజీవి సంతోషికి అమ్మ దీవెనలు. ఇక్కడ నేనూ మీ నాయనా బాగానే ఉన్నాం. కొత్త ఆటో మాకంటే బాగుంది. నువ్వు వేళకు తింటున్నావని తలుస్తాను. ఫోన్లో చెబుదామంటే ఆయన పక్కనే ఉంటాడు, అందుకే ఈ ఉత్తరం.

కరెంటు బండి ఎలా ఉందని అడిగావు. పట్టుబట్టి కొనిపించింది నువ్వే కదా, విను. తెల్లార్లూ మన వంటింటి కిటికీలోంచి వైరు వేలాడాలి. చార్జింగులో ఉన్నంతసేపు మిక్సీ వేయకూడదట, ఫ్యూజు కొట్టేస్తుందట. పచ్చళ్లు రోట్లో నూరి నూరి నా రెక్కలు పడిపోతున్నాయి. ఇన్నేళ్లు పెట్రోలు బండి మోతకు అలవాటుపడ్డ మనిషి కదా, సిగ్నల్ దగ్గర చప్పుడు వినపడకపోతే బండి ఆగిపోయిందనుకుని తాళం తిప్పేస్తాడు. దాంతో నిజంగానే ఆగుతుంది. వెనక హారన్లు, ముందు ఈయన తిట్లు.

పెట్రోలు ఖర్చు లేదు, నిజమే. ఎక్కే మనుషులూ లేరు. దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్బీనగర్ దాకా పైన మెట్రో, కింద ఆడవాళ్లకు ఉచిత బస్సు. మెట్రో దిగినవాళ్లను కర్మన్‌ఘాట్ లోపలి కాలనీలకు దింపుకోవచ్చు కదా అంటే నా మీద లేస్తాడు.

“ఇన్నేండ్ల సంది గీ లైన్ల నడుపుతున్న. ఇప్పుడు గల్లీలు పట్టుకొని తిరగాల్నా? మనింట్ల ఎవ్వరు గా బస్సెక్కొద్దు, నా మీద ఒట్టు!”

ఇక అసలు సంగతి. కోప్పడకు. నేను ఆ బస్సులోనే పోతున్నాను. ఎల్బీనగర్‌లో చీరలకు ఫాల్ కుట్టే షాపులో పనికి నడిచి పోతున్నానని ఆయనకు చెప్పాను. ఈ మోకాళ్లతో అంత దూరం ఎక్కడ నడుస్తాను? ఆయన బండే ఎక్కితే బేరం వచ్చే సీటు నేను ఆక్రమించినట్టవుతుంది.

సోమవారం బస్సు కిటికీ పక్కన కూర్చున్నాను. బయట మీ నాయన ఖాళీ ఆటోలోంచి తల బయటపెట్టి, మా బస్సెక్కే ఆడవాళ్లను బతిమాలుతున్నాడు. “ఎల్బీనగర్, ఎల్బీనగర్! జర ఇటు రాండ్రమ్మా!” అంటూనే నన్ను చూశాడు. చటుక్కున తల లోపలికి లాక్కున్నాడు. నేను తల దించుకున్నాను.

ఇంటికొచ్చాక మామూలుగానే బండిని చార్జింగుకు పెట్టి పడుకున్నాడు. తిట్టినా బాగుండేది. మర్నాడు నేను చెప్పులు వేసుకుంటుంటే నా ఆధార్ కార్డు తెచ్చి చేతిలో పెట్టాడు.

“గిది మర్చిపోయి పోతున్నవ్. సూపియ్యకపోతే బస్సుల టికెట్ పైసలు తీసుకుంటరు,” అన్నాడు.

ఆ లైను వదిలి కాలనీల్లో నడుపుకోమని నువ్వే చెప్పు తల్లీ. ఆయనకు చెప్పే మొహం నాకు లేదు. అప్పటినుంచి బస్సులో సీటు ఖాళీ ఉన్నా నిలబడే పోతున్నాను.

ఇట్లు,
నీ జవాబు కోసం చూసే
అమ్మ, సుమిత్రమ్మ