రెండు మెట్లు కిందికి

క్లీవ్‌లాండ్, మార్చి 4

నా బంగారు టెస్‌కి,

ఆదివారం భోజనాల దగ్గర బంగాళాదుంప నములుతూనే తీర్పు చెప్పేశావు: "సిగరెట్లు రస్ డగన్ గొంతు తినేశాయి, దాంతో మీ ఐరన్ గల్స్ బ్యాండ్ చెదిరిపోయింది. నా పుస్తకం చివరి అధ్యాయం అయిపోయినట్టే అమ్మమ్మా." అవలేదు. సిగరెట్లకి అంత శక్తే ఉంటే మీ తాత ముప్ఫై ఏళ్లు ముందే పోయేవాడు. ఆ గొంతు చింపింది నేను. పుస్తకం అచ్చుకి వెళ్లేలోపు దిద్దుకో.

నీ పుస్తకంలో నేను ఆరుచోట్ల కనిపిస్తాను, అందులో రెండుచోట్ల సాండ్‌విచ్‌లు చేస్తూ. కాబట్టి మొదటినుంచీ చెప్తాను. మేం ఐదుగురం. పాడేది రస్, గిటార్ మీ తాత రూడీ, ఆర్గన్ నేను. మిగతా ఇద్దరూ చప్పుడు చేసేవాళ్లు. సెయింట్ క్లెయిర్ వీధి హాల్లో స్లొవేనియా నుంచి వచ్చినవాళ్ల పెళ్లిళ్లకి పోల్కా డాన్సు పాటలు వాయించేవాళ్లం. ముసలమ్మలు చెవులు మూసుకునేదాకా శబ్దం పెంచి, దానికి రాక్ అని పేరు పెట్టాం.

మా నాన్న మన ఊరి పక్క సరస్సు అడుగున ఉప్పుగనిలో పదేళ్లు పనిచేసి, ఆ గనిలోనే పైకప్పు కూలి చనిపోయాడు. 'ఉప్పు దారి' పాట ఆయన మీద నేను రాసింది. బాణీ కూడా నాదే. మీ అమ్మని కంటూ నేను ఆస్పత్రిలో ఉన్న రోజున రస్ రికార్డు కంపెనీకి వెళ్లి, రచయిత అన్నచోట తన పేరు రాసివచ్చాడు. ఆ పాట తొమ్మిది వారాలు దేశమంతటా మొదటి స్థానంలో నిలిచింది. పెట్రోలు బంకుల్లో అదే, లారీల్లో అదే, చర్చి పిక్నిక్కుల్లో అదే. చిన్న హాళ్లనుంచి స్టేడియాలకి వెళ్లిపోయాం. ఊరూరా రస్ వేదిక మీద కళ్లు తుడుచుకుని, "గనిలో పోయిన మా నాన్న కోసం రాశాను" అనేవాడు. వాళ్ల నాన్న బూట్లు అమ్మేవాడు. ఉప్పుతో ఆయన పరిచయం ఉడికించిన గుడ్డు వరకే.

నోరెందుకు మూసుకున్నావని అడుగుతావు. బ్యాండ్ నడుస్తోంది, మీ తాతకి గిటార్ తప్ప మరో పని రాదు. అప్పట్లో దాన్ని సర్దుకుపోవడం అనేవాళ్లు. ఇప్పుడేదో జబ్బు పేరు పెట్టారట.

ఏడాదికి రెండొందల కచేరీలయ్యేసరికి రస్‌కి పై స్వరాలు అందడం మానేశాయి. మా పద్ధతి ఏమిటంటే, కచేరీకి ముందు ఆర్గన్ మీద నేనొక స్వరం నొక్కి పట్టుకుంటాను, గిటార్లు దానికి శ్రుతి చేసుకుంటాయి. ఒకరోజు మీ తాతా నేనూ అనుకుని, రెండు మెట్లు కింది స్వరం ఇచ్చాను. రస్ హాయిగా పాడేశాడు. అతనికి చెప్పలేదు. బేస్ గిటార్ వాడు ఏమిస్తే దానికి బిగించుకునే రకం. నాలుగేళ్లు అలాగే నడిచింది. రస్ మాత్రం పత్రికలవాళ్ల దగ్గర, "ఇరవై ఏళ్లప్పటి శ్రుతే, ఒక్క మెట్టు దిగలేదు" అని కోతలు కోసేవాడు.

ఎనభై ఒకటి అక్టోబరులో సొంత ఊళ్లో కచేరీ. మా అమ్మ మొదటిసారి వచ్చి ముందు వరసలో కూర్చుంది. నేను రస్ దగ్గరికి వెళ్లి అడిగాను.

"ఇవాళొక్కరోజు మా నాన్న పేరు చెప్పు. అమ్మ వచ్చింది."

అతను అద్దంలో జుట్టు దువ్వుకుంటూనే ఉన్నాడు. "ఎందుకు వీదా? చచ్చినవాళ్లు టికెట్లు కొంటారా?"

వెళ్లి ఆర్గన్ ముందు కూర్చుని అసలు శ్రుతి ఇచ్చాను. మీ తాత తీగ బిగిస్తూ బిగిస్తూ ఆగాడు.

"ఇది పాత శ్రుతి."

"అవును."

"వాడు చస్తాడే."

"చావడు. పాడతాడంతే."

మీ తాత తీగ బిగించాడు. అదీ రాసుకో.

మూడో చరణంలో, పై స్వరం దగ్గర, పాత దుప్పటి చిరిగినట్టు చిరిగింది గొంతు. పద్నాలుగు వేల మంది. ముందు ఎవడో నవ్వాడు, తర్వాత అందరూ. మా అమ్మ మాత్రం, "పాపం, అబ్బాయికి జలుబు చేసినట్టుంది" అంది. ఆరోరోజుకి బ్యాండ్ లేదు. రస్ ఆ తర్వాత గుసగుసగా తప్ప మాట్లాడలేదు. నాకు జాలి కలగలేదు. ఆ వారమంతా బాగా తిన్నాను.

ఈ పని వీదా చేసిందని రాయి. ఇంటిపేరుతో సహా.

మీ అమ్మమ్మ,
వీదా కోబల్

క్లీవ్‌లాండ్, మార్చి 19

టెస్ తల్లీ,

"రస్ మాట కూడా వినకుండా అచ్చు వేయను" అని రాశావు. నీ చదువుకి నేనే ఫీజు కట్టాను కాబట్టి తప్పు పట్టలేను. నిన్న రస్ ఉంటున్న వృద్ధుల ఇంటికి వెళ్లాను. కిటికీ పక్కన చక్రాల కుర్చీలో ఉన్నాడు. మెడ కోడిమెడలా అయిపోయింది. గుటక వేసినప్పుడల్లా కళ్లు మూసుకుంటున్నాడు.

"సాండ్‌విచ్‌లు తెచ్చావా?" అన్నాడు.

"లేదు. ఆ రోజు శ్రుతి పెంచింది నేను."

"తెలుసు."

"ఎప్పుడు తెలిసింది?"

"నువ్వు మొదటి స్వరం నొక్కగానే. నాలుగేళ్లుగా దించుతున్నావనీ తెలుసు. నా గొంతు నాకు తెలీదా?"

"మరి ఆపొచ్చుగా?"

"ఆపితే ఎందుకాపానో చెప్పాలిగా. దించుకుని పాడుతున్నానని అందరి ముందూ ఒప్పుకునేకంటే చిరగడమే నయం."

ఇన్నేళ్లూ అతనికి తెలియదని నా నమ్మకం, టెస్. తెలిసీ చెప్పలేదంటే, ఏ మూలో సిగ్గుపడి ఉంటాడేమో, మా నాన్న పేరు మింగినందుకు ఇలా బాకీ తీర్చాడేమో అనిపించింది. ఒక్క క్షణం. అడిగాను.

"పత్రికలవాళ్లకి నా పేరెందుకు చెప్పలేదు?"

నవ్వాడు. నవ్వు ఈలలా వచ్చింది. "పాట మీదే నీ పేరు పెట్టలేదు, దీని మీద పెడతానా? నీ మనవరాలొచ్చి అడిగినా సిగరెట్లనే చెప్తాను. ఆ పిల్ల ఎవరి మాట రాస్తుందంటావు? పాడినవాడిదా, పక్కన కూర్చుని వాయించినదానిదా?"

మీ తాత లేడు. సాక్ష్యం చెప్పేవాళ్లు ఇంకెవరూ లేరు. నా పాట అతను తీసుకున్నాడని తెలుసు. నేను చేసిన ద్రోహాన్ని కూడా ఆ కచేరీ రోజే తీసుకుపోయాడని నిన్ననే తెలిసింది. కనీసం అదైనా నా సొంతమనుకుంటూ నలభై ఏళ్లపైన బతికాను. చివరి అధ్యాయం నీ ఇష్టం. ఎవరి మాట రాసినా నాకొక ప్రతి పంపు, తప్పులు దిద్దుతాను.

నువ్వు గురువారం ఆ వృద్ధుల ఇంటివైపు వెళ్తావుగా. మందుల షాపులో గొంతు బిళ్లలు ఒక డబ్బా కొను. తేనెవి, పుదీనావి వద్దు, పుదీనా అతని గొంతుకి మంట. పైన అతని గదికి వెళ్లకు, కింద కౌంటర్లో ఇచ్చెయ్యి. పంపినవాళ్ల పేరు రాయమని రిజిస్టరు ముందుకు తోస్తారు. అక్కడ కూడా రస్ డగన్ అనే రాయి. అలవాటే అతనికి.

మీ అమ్మమ్మ